దీవెన నిద్ర పోయింది

నమోదు 1, ఆదివారం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నిద్ర పట్టనివాళ్ళు మనసులో ఉన్నది రాసి పెడితే కాస్త తేలికపడతారట. నాకేమీ నమ్మకం లేదు. గర్భసంచి తీయించుకుంటే తేలికవుతావని కూడా ఇలాగే చెప్పారు. అబద్ధమాడలేదులెండి, ఆ సుఖం వచ్చింది. సగం నెల మంచాన పడేసే రక్తస్రావం ఆగింది, నడుం నొప్పి తగ్గింది. కాకపోతే ఆ పోయేవాటి వెంట నిద్ర కూడా మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది.

"గడ్డలతోపాటు అండాశయాలు కూడా తీయాల్సొచ్చింది గదా సలోమీ, వంటికి అలవాటు పడాలంటే టైం పడుద్ది" అంది డాక్టరమ్మ. ఏడాది దాటింది. ఇంకా ఎంత టైమో ఆమె చెప్పదు, నా వళ్ళూ చెప్పదు. పైన ఎండకు తాళలేకనే కదా మా తాతల కాలంలో పల్నాడు పల్నాడంతా ఈ భూమి కింది పాతరల్లోకి దిగింది. ఇప్పుడు నాకు ఎండ లోపలినుంచి కాస్తోంది. దీపాలు దించి అందరూ పడుకున్నాక మెడ దగ్గర మొదలై ఆవిర్లు తలకెక్కుతాయి, చీర తడిసిపోతుంది, అంతలోనే చలి.

నా పని పుట్టగొడుగుల గదిలో. ఇవాళ ఒకే మడికి రెండుసార్లు నీళ్ళు చల్లి, పక్క మడిని ఎండగట్టాను. అదేం చేసిందని దానికీ శిక్ష అని నాలో నేనే తిట్టుకున్నాను.

నమోదు 2, మంగళవారం

దీవెన గురించి చెప్పాలి. మా ఆయన చెల్లెలు, మాతోనే ఉంటుంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో అసలు మొగుడు యోహాను నోరు విప్పడు కాబట్టి ఆ మిగతా సగం కూడా దీవెనే చూసుకుంటుంది. ముప్పై దాటినా పెళ్ళి మాటెత్తితే "నిద్రొస్తంది వదినా" అని దుప్పటి కప్పుకుంటుంది. నిజంగానే పడుకుంటుంది కూడా. దాని పక్కన డప్పు కొట్టినా లేవదు.

దీవెన తొట్టి నడుపుతుంది. సోలార్ పలకలు తుడిచే జట్టును తెల్లవారుతుండగా బావిగుండా పైకి చేరుస్తుంది, ఎండ ముదరకముందే దించుతుంది. దించేముందు అంచు దగ్గర తొట్టి ఆపి కాస్త ఆకాశం చూసుకుంటుంది. ఆ కాసేపటి కోసమే ఈ పనిలో చేరానంటుంది. ఇంటికొచ్చి ఇవాళ మబ్బు ఎలా ఉందో, కాకి ఎటు పోయిందో నాకు చెబుతుంది. నేను పైకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

ఇవాళ అన్నం దగ్గర నా ముఖం చూసి అంది: "వదినా, మనిద్దరం పొత్తు కలుపుకుందాం."

పూర్వం ఇద్దరు ఒకే కంచంలో తింటే పొత్తు అనేవారు. ఇప్పుడు ఆ మాట నిద్రకు వాడుతున్నాం. చెరో చేతికి పట్టీ కట్టుకుంటే, ఎక్కువున్నవాళ్ళ నిద్రలో మిగులు లేనివాళ్ళకు చేరుతుంది.

"పొత్తుల మగడు పుచ్చి చచ్చాడంట. పొత్తుల నిద్ర ఏమవుద్దో" అన్నాను.

"పుచ్చితే నీ పుట్టగొడుగులకి ఎరువేసుకుందువుగానిలే" అంది.

యోహాను నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నా మూలంగా ఆయనకూ సరైన నిద్ర లేదు. దొర్లుతున్నది నేనైనా మంచం ఇద్దరిదీ కదా.

నమోదు 3, శనివారం

పట్టీలు కట్టారు. కట్టేముందు డాక్టరమ్మ సాక్ష్యం సంగతి చెప్పింది. తన నిద్రకు తాను ఎవరూ సాక్షి కాలేరు. మిగులు అయిపోయినా పట్టీ ఆగదు, లాగుతూనే ఉంటుంది. నిద్ర ఇచ్చేవాళ్ళకు తమ నిద్ర తరుగుతున్నట్టు అసలు తెలియదు, కళ్ళు మూసుకుని పడుకున్నాం కాబట్టి నిద్రపోయామనే అనుకుంటారు. అందుకని పొద్దున్నే దీపాలు ఎత్తగానే, మన మాట విని దాచుకునే గోడపెట్టె అడుగుతుంది. దీవెన గురించి నేను చెప్పాలి, నా గురించి దీవెన చెప్పాలి. ఇచ్చేమనిషి నిద్రపోలేదని ఒక్కసారి చెబితే చాలు, పొత్తు ఆగిపోతుంది.

"చేతివేళ్ళు చూడు" అంది డాక్టరమ్మ నాతో. "అసలు నిద్రలో వేళ్ళు విడిపోతాయి. పిడికిలి బిగిసి ఉంటే అది నిద్ర కాదు, పడక."

నమోదు 4, సోమవారం

నిద్రపోయాను.

ఇంకేమి రాయాలో తెలియడం లేదు. ఆవిరి రాలేదని కాదు, వచ్చింది, నేను లేవలేదు. పొద్దున కళ్ళు తెరిచేసరికి యోహాను నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. "ఏమైందయ్యా?" అంటే "ఏం లేదు, చూస్తన్నా" అన్నాడు. సిగ్గేసింది.

గోడపెట్టె అడిగింది: "దీవెన నిద్రపోయిందా?" "నిద్రపోయింది" అన్నాను. నిజమే, వేళ్ళు విచ్చుకుని చంటిపిల్లలా పడుకుని ఉంది. ఆమెను అడిగితే "మా వదిన బెమ్మాండంగా నిద్రపోయింది, ఈ పూట టీ తనే పెట్టుద్ది" అంది. పెట్టాను. మడులన్నిటికీ సమంగా నీళ్ళు చల్లాను. వాటితో మాట్లాడాను కూడా.

నమోదు 9, గురువారం

రోజులు బాగా గడుస్తుంటే రెండు ముక్కలకు మించి రాయబుద్ధి కాదు. ఇవాళ రాయాల్సివచ్చింది.

దీవెన టీలో చక్కెరకు బదులు ఉప్పు వేసుకుంది. తాగి, ముఖం చిట్లించి, మళ్ళీ తాగింది. "ఏంటో వదినా, వళ్ళంతా ఇసకబస్తా మోసినట్టుంది. వయసు మీద పడతందేమో" అని నవ్వింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పొద్దున నాకు ముందే మెలకువ వచ్చింది. నిద్ర నిండిపోయి వచ్చిన మెలకువ అది. పక్క గదిలోకి చూశాను. దీవెన కళ్ళు మూసుకునే ఉంది. పిడికిళ్ళు రెండూ బిగిసి ఉన్నాయి.

దీపాలు లేచాయి. గోడపెట్టె అడిగింది. నేను నోరు తెరిచాను. పోలేదు అనే మాట నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే ఆ తడిసిన చీర, ఆ చలి, గోడవైపు తిరిగి నిద్ర నటించే యోహాను, అన్నీ వచ్చాయి.

"నిద్ర... పోయింది" అన్నాను.

పెట్టె సరేనంది.

నమోదు 10, శుక్రవారం

అబద్ధం చెప్పలేదు. నిన్నంతా మడుల మధ్య తిరుగుతూ అదే అనుకున్నాను. నిద్ర పోయింది అన్నాను. పోలేదా మరి? పోయింది. గాజు పగిలిపోయింది, రంగు వెలిసిపోయింది, దీవెన నిద్ర పోయింది. ఎక్కడికి పోయిందో కూడా నాకు తెలుసు. పెట్టె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటే నేనేం చెయ్యను?

ఇలా నాకు నేనే వకీలు పెట్టుకుని వాదించుకున్నాను. మధ్యాహ్నం దీవెన నాకోసం మజ్జిగలో అల్లం దంచి తెచ్చింది. చల్లదనానికి మంచిదట. తాగలేకపోయాను. కడుపు నిండుగా ఉందని చెప్పాను, అది మాత్రం అచ్చమైన అబద్ధం.

నమోదు 13, సోమవారం

రేపు చెబుదామనుకుంటున్నాను. నిన్న కూడా రేపే అనుకున్నాను.

నేను మనిషినయ్యానని అందరూ అంటున్నారు. బుగ్గలు వచ్చాయట. యోహాను ఇన్నాళ్ళకు నా పక్కన కూనిరాగం తీస్తూ చొక్కా కుట్టుకున్నాడు. ఇవన్నీ నా చేతిలోంచి నేనే ఎలా పారేసుకోను? పోనీ దీవెనకు చెప్పి, నాలుగు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెడదామంటే, ఆపాక మళ్ళీ మొదలవుతుందో లేదో అని భయం. ఏడాది పాటు నిద్ర లేని మనిషికి నిద్ర రుచి చూపించి మళ్ళీ లాక్కోవడం మాటలు కాదు. ఆ లాక్కునే మాట నా నోటితోనే చెప్పుకోవాలంటే మరీ కష్టం.

ఇవాళ ఆకాశం ఎలా ఉందని అడిగాను.

"చూళ్ళేదు వదినా. అంచు దగ్గర ఆపా, గోడకి తలానించా. అంతే, మళ్ళీ గంట కొట్టాకే తెలివొచ్చింది. నవ్వాకు."

నాకు నవ్వెక్కడినుంచి వస్తుంది? పొద్దున కూడా పెట్టెతో రెండు మాటలూ విడివిడిగానే చెప్పాను. మధ్యలో ఆ ఖాళీ వదిలితే దేవుడు ఒప్పుకుంటాడని నాకెందుకో ఒక ఆశ. దేవుడికి వ్యాకరణం చెప్పే స్థితికి వచ్చాను.

నమోదు 17, శుక్రవారం

తొట్టి పడింది.

పైనుంచి జట్టును దించుతుంటే దీవెన కునికింది. చెయ్యి బ్రేకు మీద ఉండాల్సింది, వళ్ళో పడిపోయింది. తొట్టి వేగంగా దిగి అడుగున కొట్టుకుంది. జట్టులోని పెద్దాయన ఏసోబు కాలు విరిగింది, దీవెన భుజం ఎముక చిట్లింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. చప్పుడు పుట్టగొడుగుల గదిదాకా వచ్చింది. అది తొట్టేనని నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. చేతిలో నీళ్ళకుండ ఎక్కడ వదిలేశానో తెలియదు, పరిగెత్తాను.

దీవెనను మోసుకొస్తున్నారు. నన్ను చూసి "నాకేం కాలా వదినా, ఆ తాతని చూడు" అంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. దాని పట్టీ, నా పట్టీ ఒకదానికొకటి తగిలి టక్కుమన్నాయి.

నమోదు 18, ఆదివారం

ప్రార్థన అయ్యాక అదే హాల్లో సభ పెట్టారు. పాతర పెద్ద రాహేలమ్మ నడిపింది. ఆమె సూటి మనిషి, అరవదు, వదలదు.

"ఒంట్లో బాగలేకో, నిద్ర లేకో జరిగితే అది వేరు" అంది. "కానీ ఆ రోజు దీవెన నిద్రపోయిందని పొద్దున్నే సాక్ష్యం పడింది. నిద్ర చాలినంత ఉండి కూడా బ్రేకు మీద చెయ్యి తీస్తే దాన్ని ఏమనాలి? నిర్లక్ష్యమనే అనాలి. తొట్టి మళ్ళీ ఆమె చేతికియ్యలేం. అడుగు తవ్వకానికి పంపాలి."

అడుగు తవ్వకంలోకి పొద్దున దిగినవాళ్ళు సాయంత్రానికి పైకి రావడం కూడా మా వీధిదాకానే. ఆకాశం మాట అక్కడ ఉండదు.

"సలోమీ, ఆ సాక్ష్యం నీదేనా?"

"నాదే" అన్నాను.

దీవెన లేచింది, చేతిని మెడకు వేలాడగట్టుకుని. "మా వదిన అబద్ధమాడదు రాహేలమ్మా. నేను నిద్రపోయానని ఆమె చెప్పిందంటే పోయినట్టే. తప్పు నాది. ఎక్కడికి పంపితే అక్కడికి పోతా."

ఆ మాట అనకుండా ఉంటే నేను నోరు మూసుకునేదాన్నేమో. నాకు నా మీద అంత నమ్మకమేమీ లేదు. కానీ అంది. పిడికిలి బిగించి పడుకున్న ఆ పిల్లను రోజూ చూస్తూ వచ్చాను, అది నన్ను ఇలా వెనకేసుకొస్తోంది.

"నా మాట పెట్టెలో ఉంటది. వినిపించండి" అన్నాను. "మొదటి రోజుది ముందు. తర్వాత తొట్టి పడ్డ రోజుది."

వినిపించారు. మొదటి రోజు నా గొంతు ఉషారుగా ఉంది: "నిద్రపోయింది." ఒకే మాట. తర్వాతది: "నిద్ర... పోయింది." రెండు మాటలు, మధ్యలో గుటక మింగిన చప్పుడు కూడా వినిపించింది.

హాల్లో మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అయింది. నేను లేచి నిలబడి వివరంగా చెప్పాను. ఏ రోజునుంచి పిడికిళ్ళు చూశానో, ఏ రోజునుంచి ఆ మధ్యలో ఆగడం మొదలుపెట్టానో, పెట్టె ఏమనుకుంటుందో తెలిసే అలా అన్నానని. యోహాను తల దించుకున్నాడు. వెనకనుంచి ఎవరో "సాక్ష్యం సరిగ్గానే చెప్పింది, పెట్టెకే తెలుగు రాలా" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

రాహేలమ్మ నవ్వలేదు. "పెట్టెకి రాకపోతే పోయె. నీకొచ్చు గదా సలోమీ" అంది.

తీర్పు అయింది. ఎముక అతికి, నిద్ర కోలుకున్నాక తొట్టి మళ్ళీ దీవెనకే. నాకు ఇక ఎవరితోనూ, ఎన్నటికీ పొత్తు లేదు. ఏసోబు కాలు కుదిరేదాకా వాళ్ళింటి వంట నాది. డాక్టరమ్మ అక్కడే నా పట్టీ విప్పింది. చెయ్యి బోసిగా అనిపించింది.

నమోదు 19, మంగళవారం

దీవెన రెండు రోజులు పడుకునే ఉంది. వేళ్ళు విచ్చుకున్నాయి. చూడకుండా ఉండలేక గుమ్మం దగ్గరినుంచే చూశాను.

ఇవాళ లేచి, నేను పెట్టిన గంజి తాగింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. గిన్నె కింద పెట్టి అంది:

"అడిగితే ఇచ్చేదాన్ని గదా వదినా."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

"సెలవు పెట్టి పడుకునేదాన్ని. నా ఒక్కదాన్దే చాలకపోతే అన్నయ్యనీ కలుపుకునేవాళ్ళం. రోజు విడిచి రోజన్నా ఇచ్చేదాన్ని. నేను కాదంటానని ఎట్టా అనుకున్నావు? కాదంటానేమోనని అడగనే లేదు నువ్వు. అడక్కుండా తీసుకున్నావు. నాకే తెలీకుండా నాదాన్ని."

"భయమేసింది దీవెనా" అన్నాను. ఏడాదిగా నాకు ఉన్నది ఆ ఒక్క మాటే, అదే అన్నాను.

"తెలుసు" అంది. లేచి గిన్నె తనే కడుక్కుంది, ఒక చేత్తో. నేను అందుకోబోతే పక్కకు జరిగింది.

గర్భసంచి తీయించుకోవడానికి నేను వెనకాడుతుంటే, "రక్తం పోగొట్టుకుంటా కూర్చుంటావా, నేనున్నా పదా" అని డాక్టరమ్మ దగ్గరికి తోలుకెళ్ళింది కూడా దీవెనే. నాకు నిద్ర పోయినప్పటినుంచీ అది తన తప్పని లోలోపల కుమిలిందట. యోహాను చెప్పాడు. నాతో ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, ఇద్దరం కలిసి ఒక ముసలాయన కాలు విరగ్గొట్టాం. కాదు, ఇద్దరం అనడం న్యాయం కాదు. నేను.

నమోదు 26, బుధవారం

నిద్ర లేకపోవడం మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి డాక్టరమ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఆవిర్లకు మందు మార్చింది. రాని నిద్ర కోసం మంచం మీద పడి ఉండొద్దంది, లేచి ఏదన్నా పని చేసుకోమంది. తడిగుడ్డ మెడకు చుట్టుకుంటున్నాను. ఏసోబు ఇంటికి పప్పు నానబోస్తున్నాను. మంచం యోహానుకు వదిలేసి నేను చాప వేసుకున్నాను. ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత మెలకువ లేకుండా పడుకున్నాడు. అప్పుడప్పుడు నాకూ ఒక కునుకు పడుతోంది. చిన్నదే. కానీ నాది.

ఏసోబు నాతో మాట్లాడడు. అన్నం మాత్రం తింటాడు. ఉప్పు తక్కువైతే వాళ్ళావిడ చేత చెప్పిస్తాడు.

నమోదు 31, శనివారం

ఎముక అతికి, దీవెన మళ్ళీ తొట్టి ఎక్కి వారమైంది. నాతో అవసరం ఉన్నంతే మాట్లాడుతుంది. ఆకాశం సంగతి చెప్పదు, అడిగే హక్కు నాకు లేదు.

ఇవాళ దీపాలు దించే వేళకు వళ్ళంతా ఒకటే ఆవిరి. గుండె దడ. యోహాను ఇంకా పనినుంచి రాలేదు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. దీవెన తన గదికి వెళ్తోంది. ఆమె గుమ్మం దాటేలోపు అడిగాను:

"దీవెనా, కాసేపు నా దగ్గర కూర్చుంటావా?"

ఆగింది. నావైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, నిజంగానే ఆలోచించింది. తర్వాత ఆవలించింది.

"లేదు వదినా. నిద్రొస్తంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడుపొచ్చింది. బాధ లేదని చెప్పను, బాగానే తగిలింది. కానీ ఇన్నాళ్ళలో ఆమెను నేను నాకోసం ఒకటి చెయ్యమని అడగడం, ఆమె తనకు ఇష్టమైన జవాబు చెప్పడం ఇదే మొదటిసారి. లేదనే వీలు నేను ఆమెకు ఎప్పుడో ఇవ్వాల్సింది.

కళ్ళు తుడుచుకుని లేచాను. గిన్నెల చప్పుడు వినబడకుండా ఆమె గది తలుపు దగ్గరగా వేసి, పప్పు నానబోయడానికి వెళ్ళాను.